తమ్ముడి పేరు లేని కాగితం

ప్రెస్టన్, ఇంగ్లండు
1963 జనవరి 20

ప్రియమైన అక్కకు,

లూదియ వ్రాసేది. నేను క్షేమం. ఇక్కడ ఈ ఏడు పడుతున్న చలి ముసలివాళ్లు కూడా ఎరగరట. గుమ్మంలో పెట్టిన పాలసీసాలు గడ్డకట్టి మూతలు పైకి లేస్తున్నాయి. ఆసుపత్రికి నడిచి వెళ్లేసరికి వేళ్లు నావి కానట్టు ఉంటున్నాయి. మన గురజాల ఎండ ఇంత తియ్యనిదని అక్కడున్నప్పుడు ఎందుకు తెలియలేదో.

వచ్చే నెలకు అమ్మ పోయి ఏడాది. నీ టెలిగ్రాం వచ్చినప్పుడు నేను వార్డులో ఒకాయనకు కట్టు మారుస్తున్నాను. కట్టు పూర్తి చేసి, చేతులు కడుక్కుని, అప్పుడు విప్పి చదివాను. అంత నిదానం ఎట్లా వచ్చిందో నాకు తెలియదు. అక్కడ ఉండి ఏడిస్తే అయిపోయేది. దూరాన ఉండటం వల్ల ఏడాదిగా అది ముగియడం లేదు.

నేనుండే ఇంటి యజమానురాలు మిసెస్ హార్ట్‌లీ గురించి ఇదివరకు రాశాను కదా. నూలుమిల్లులో పనిచేసి రిటైరైన మనిషి. భర్త పోయాడు. మేరీ అనే కూతురు ఐదో ఏట గొంతు జబ్బుతో పోయింది. ఈమెది మోర్మనుల సంఘం. అమెరికాలో పుట్టిన సంఘమట, ఈ ఊళ్లో మాత్రం చాలా కాలంగా ఉంది. "మా మేరీని మళ్లీ పెంచుకుంటాను" అని ఆమె ఎంత మామూలుగా అంటుందంటే, రేపటి బస్సు వేళ చెబుతున్నట్టు ఉంటుంది.

వాళ్ల నమ్మకం ఏమిటంటే, భార్యాభర్తలు, తల్లీబిడ్డలు అనే బంధం చావుతో తెగిపోనక్కర్లేదు. వాళ్ల దేవాలయంలో ఒక కర్మ ఉంది. దానితో ఒక కుటుంబాన్ని ఎప్పటికీ ఒక్కటిగా ముడి వేస్తారు. అది జరగకుండా పోయినవాళ్ల తరఫున బతికున్నవాళ్లు నిలబడి జరిపించవచ్చు. అందుకు పోయినవాళ్ల పేర్లు, పుట్టిన తేదీ, పోయిన తేదీ, ఊరు కావాలి. లండను దగ్గర దేవాలయం కట్టి నాలుగేళ్లు దాటింది. ఆమె వెళ్లి మేరీకి ఆ పని చేయించి వచ్చింది.

అక్కా, కోప్పడకు. నేను ఆ సంఘంలో చేరలేదు. కాగితం ఒకటి అడిగి తెచ్చుకున్నాను, అంతే. నాన్న నోటుబుక్కు నీ దగ్గరే ఉంది కదా, అందులో ఉన్న తేదీలన్నీ రాసి పంపు. అన్న అడ్రసు తెలిస్తే అదీ పంపు.

నీ చెల్లెలు
లూదియ


గురజాల
1963 ఫిబ్రవరి 17

ప్రభువునందు ప్రియమైన చెల్లెలు లూదియకు,

అక్క తబిత వ్రాయునది. ఇక్కడ నేను క్షేమం. బడిలో పరీక్షల పని మొదలైంది. ఈ సంవత్సరం ఆడపిల్లలు నూట నలభై మంది. హెడ్‌మిస్ట్రెస్ అనే పేరే గానీ బెంచీలు విరిగితే వడ్రంగిని పిలవడం కూడా నేనే.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మన నాన్న ముప్ఫై రెండేళ్లు ఉపదేశిగా ఈ పల్నాడు పల్లెలన్నీ కాలినడకన తిరిగాడు. రాజుపాలెం నుంచి మాచర్ల దాకా ఆయన చేత ప్రార్థన చేయించుకోని క్రైస్తవ కుటుంబం లేదు. అటువంటి మనిషి పరలోకంలో ఉండటానికి ఇంగ్లండులో ఒక కాగితం కావాలా? పాస్టరు గారిని అడిగాను, ఆ మతం పేరు ఎత్తకుండానే. పైలోకంలో పెండ్లిళ్లూ కాపురాలూ ఉండవని ప్రభువే చెప్పాడు గదమ్మా అన్నారు.

అయినా అడిగావు. అమ్మ కోసం అడిగావు కనుక పంపుతున్నాను.

నాన్న, జ్ఞానయ్య. పుట్టింది 1891 జూలై, తేదీ తెలియదు, కారంపూడి. పోయింది 1958 నవంబరు 9, గురజాల.

అమ్మ, మార్తమ్మ. పుట్టింది సుమారు 1900, రెంటచింతల. పోయింది 1962 ఫిబ్రవరి 21, గురజాల.

నా తర్వాత పుట్టిన మగబిడ్డ. పేరు పెట్టలేదు. 1923 చైత్రంలో పదకొండు రోజులు బతికాడు. తల నిండా జుట్టు ఉండేదని అమ్మ చెప్పేది.

కరుణ. 1929 మే 3న పుట్టి 1931లో అమ్మవారు పోసి పోయింది. నువ్వు చూడలేదు. నా చీర కొంగు పట్టుకుని తిరిగేది. నాకప్పటికి చీర లేదు, అమ్మ పాత చీర చించి కట్టుకునేదాన్ని.

నువ్వు పుట్టిన తేదీ నీకు తెలుసు.

దేవానందం సంగతి అడిగావు. వాడు పని కోసం హైదరాబాదు వెళ్లాడని అప్పట్లోనే నీకు రాశాను. అంతకు మించి నాకు తెలియదు. ఆ కాగితం పోయినవాళ్ల కోసం అన్నావు కనుక వాడి పేరుతో పని లేదు.

చలిలో ఉన్ని బట్టలు వేసుకో.

నీ అక్క
తబిత


ప్రెస్టన్
1963 ఏప్రిల్ 7

అక్కా,

నీ ఉత్తరం అందింది. తేదీలన్నీ కాగితంలో ఎక్కించాను. కరుణ గురించి నువ్వు రాసిన నాలుగు మాటలు మిసెస్ హార్ట్‌లీకి ఇంగ్లీషులో చెప్పబోయి సగంలో ఆగిపోయాను. ఆమె లేచి టీ పెట్టింది. ఇక్కడివాళ్లు దుఃఖం వస్తే టీ పెడతారు.

ఇప్పుడు అడుగుతాను. నాన్న నోటుబుక్కులో ఆ పేజీ నాకు గుర్తుంది. అడుగున నేను, నా పైన కరుణ. ఆ రెంటికీ పైన, నీ తర్వాత, అన్న. నువ్వు పదకొండు రోజుల బిడ్డ జుట్టు గురించి రాశావు. ముప్ఫై ఆరేళ్ల మనిషి గురించి "అంతకు మించి తెలియదు" అని ఆపేశావు. నిన్ను నేను చిన్నప్పట్నుంచి ఎరుగుదును. నీకు అబద్ధం ఆడటం రాదు. వాక్యం మధ్యలో ఆపేయడం వచ్చు.

ఆ కాగితం బతికున్నవాళ్లకు కూడా. అన్న బతికి ఉంటే బతికి ఉన్నాడని రాయి. సాబిరా వదిన, వాళ్ల బిడ్డ ఎక్కడ ఉన్నారో రాయి. తురకల పిల్లను చేసుకున్నాడని నాన్న వాకిలి మూశాడు, నేను ఒక్కమాట మాట్లాడలేదు. నేను దేశం వదలక ముందు అన్న దగ్గర్నుంచి ఒక ఉత్తరం వచ్చింది. దానికి జవాబు రాయలేదు. ఇప్పుడు రాయాలని ఉంది. అందుకే అడ్రసు అడుగుతున్నాను.

లూదియ


గురజాల
1963 జూన్ 11

ప్రియమైన లూదియకు,

రెండు నెలలు జవాబు రాయలేదు. మూడుసార్లు ఏరోగ్రాం కొని, రాసి, చించాను. ఇది నాలుగోది. ఇందులో వాక్యం మధ్యలో ఆపను.

దేవానందం పోయాడు. 1960 ఆగస్టులో, నాగార్జునసాగరం డ్యాము దగ్గరి కూలీల కాలనీలో, జ్వరంతో. వాడక్కడ తాపీ మేస్త్రీగా ఉండేవాడు. హైదరాబాదు అనేది నేను కల్పించిన మాట.

అంతకంటే ముందుది కూడా చెప్పాలి. 1957 మే నెల. మిట్టమధ్యాహ్నం. నాన్న ఉబ్బసంతో ముందుగదిలో మంచం మీద ఉన్నాడు. అమ్మ వంటింట్లో ఉంది. గేటు దగ్గర పిలుపు వినపడి నేను వెళ్లాను. వాడు నిలబడి ఉన్నాడు. వెనక ఆ పిల్ల, మూడు నెలల బిడ్డకు ఎండ తగలకుండా పైట కప్పి.

"అక్కా, అమ్మను ఒక్కసారి పిలవ్వా. బిడ్డను చూపిచ్చి పోతాం. లోపలికి రాములే" అన్నాడు.

"అమ్మ పడుకుంది" అన్నాను.

"లేచిందాకా ఆ గోడ నీడన కూర్చుంటాం."

"నాన్న చూస్తే ఊరుకోడు. వెళ్లు."

వాడు కోప్పడలేదు. "పోతాంలే. కాసిని మంచినీళ్లన్నా ఇయ్యక్కా. పాలిచ్చే మనిషి, పొద్దున బస్సు దిగిన కాణ్ణుంచి ఏం తాగలా" అన్నాడు.

నీళ్ల కోసం లోపలికి వచ్చాను. చెంబు ముంచాను. నాన్న కళ్లు మూసుకునే "ఎవరే?" అన్నాడు. "ఎవరో దోవ అడుగుతున్నారు" అన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు. ఆపమనలేదు, పొమ్మనలేదు. అయినా నేను చెంబు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను, లూదియా. గేటు చప్పుడు అయ్యేదాకా నిలబడ్డాను. తర్వాత ఆ నీళ్లు తిరిగి కుండలో పోశాను.

ఇది నాన్న మాట వల్ల చేశానని చాలా ఏళ్లు అనుకున్నాను. మరి నాన్న పోయాక ఎందుకు పిలవలేదు? భూస్థాపన రోజు వాడు శ్మశానం కంచె బయట నిలబడి ఉన్నాడు. చూశాను. చూడనట్టు పాట అందుకున్నాను. అప్పుడు నన్ను ఆపడానికి నాన్న లేడు.

వాడు పోయిన కబురు ఒక తోటి మేస్త్రీ బడికి వచ్చి చెప్పాడు. పూడ్చి రెండు మూడు రోజులైందన్నాడు. ఆ వారం అమ్మ రెంటచింతల పిన్ని ఇంటికి వెళ్లి ఉంది. తిరిగి వచ్చిన రోజు చాలా నీరసంగా ఉంది, బస్సు ప్రయాణం పడలేదంది. ఆ మనిషికి ఇప్పుడు ఈ మాట చెబితే గుండె ఆగిపోతుందని, "తమ్ముడు హైదరాబాదు పోయాడంటమ్మా, పనికి" అన్నాను. అమ్మ నా ముఖం వంక కాసేపు చూసి, "అట్టనా. పోనీలే, యాడున్నా చల్లగా ఉండనీ" అంది. నీకూ అదే రాశాను. ఆ తర్వాత ఏడాదిన్నర బతికింది. నా అబద్ధం నిలబడినందుకు దేవునికి కృతజ్ఞత చెప్పుకున్నాను కూడా.

వాడు పోయిన తేదీ నాకు తెలియదు. సొంత తమ్ముడు ఏ రోజున పోయాడో తెలియని దాన్ని నేను. అందుకే నీ కాగితంలో వాడి పేరు రాయలేదు.

తబిత


ప్రెస్టన్
1963 జూలై 2

అక్కా,

మూడేళ్లు. మూడేళ్లు నేను ప్రతి ప్రార్థనలోనూ "హైదరాబాదులో ఉన్న మా అన్నను కాపాడు" అన్నాను.

నిన్ను తిడుతూ ఒక ఉత్తరం రాశాను. పోస్టు చేయలేదు. తిట్టే అర్హత నాకు లేదు. అన్న ఉత్తరం సంగతి చెప్పానే, అది 1960 ఆగస్టు మొదటి వారంలో గుంటూరు ఆసుపత్రి క్వార్టర్సుకు వచ్చింది. నా పెట్టెలోనే ఉంది. అందులో రాసిన ముక్క రాసినట్టే దించుతున్నాను.

"చెల్లెమ్మా, పన్నెండు రోజుల నుంచి జరం ఇడవలేదు. ఇక్కడి కాంపౌండరు మాత్రలిస్తన్నాడు, పనిచేయలా. నువ్వొకసారి వచ్చి చూస్తే నాకు దైర్నం. బస్సు దిగి దేవానందం మేస్త్రీ అంటే ఎవరైనా చూపిస్తారు. మా రబియా నిన్ను చూడాలంటంది."

అప్పుడు నా ఇంగ్లండు కాగితాలు కదులుతున్నాయి. మిషను వాళ్ల సర్టిఫికెట్టు కావాలి. సంతకం పెట్టవలసిన పెద్దాయన నాన్న స్నేహితుడు. నేను అన్న ఇంటికి వెళ్లానని తెలిస్తే ఏమవుతుందోనని భయపడ్డాను. సెలవు దొరకలేదని నాకు నేను చెప్పుకున్నాను. సెలవు నేను అడగనే లేదు. తర్వాత నువ్వు హైదరాబాదు అని రాసేసరికి, తగ్గిపోయింది కాబోలు అని ఊపిరి పీల్చుకున్నాను.

పన్నెండు రోజులు విడవని జ్వరం అంటే ఏమిటో నాకు తెలుసు, అక్కా. మందు కూడా తెలుసు. గుంటూరులో మా వార్డు అల్మైరాలోనే ఉండేది. తీసుకుని బస్సు ఎక్కి ఉంటే సరిపోయేది.

నువ్వు నీళ్లు ఇవ్వలేదు. నేను మందు ఇవ్వలేదు. ఇద్దరిలో ఎవరిది పెద్ద తప్పో తూచవద్దు.

డ్యాము దగ్గరికి వెళ్లు. వదినను కలువు. ఆ తేదీ తెచ్చి పంపు. ఇక్కడ ఎన్ని చేసినా ఆ పేరు లేకుండా ఈ కాగితం నేను ఎవరికీ ఇవ్వను.

లూదియ


గురజాల
1963 అక్టోబరు 13

ప్రియమైన లూదియకు,

దసరా సెలవుల్లో వెళ్లి వచ్చాను. వారం నుంచి ఎట్లా రాయాలా అని కూర్చున్నాను. జరిగింది జరిగినట్టే రాస్తాను.

మాచర్లలో బస్సు మారాను. డ్యాము సగం లేచి ఉంది. మనుషులు చీమల్లా ఎక్కుతూ దిగుతూ, నెత్తిన రాళ్లు, గమేళాలు. ఆ గోడలో మన వాడు పేర్చిన రాళ్లు ఏ వరసలో ఉన్నాయో అనుకుంటూ నడిచాను. దేవానందం మేస్త్రీ భార్య అని అడిగితే ఇప్పటికీ వెంటనే చూపించారు.

రేకుల షెడ్డు. వాకిట్లో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్టు కుడుతోంది. నన్ను చూసి కాలు ఆపింది. ఒక్కసారే, ఆరేళ్ల కిందట, ఎండలో చూసిన ముఖాన్ని గుర్తుపట్టింది.

"ముందు నీళ్లు తాగండి పంతులమ్మగారూ" అని గాజుగ్లాసుతో తెచ్చి ఇచ్చింది. ఎత్తిపొడుపు కాదు. ఎవరు వచ్చినా అట్లాగే ఇస్తుంది కాబోలు. తాగాను.

రబియా అక్కడే నేల మీద గుడ్డముక్కలు ఏరుతోంది. ఆరేళ్లు దాటాయి. అచ్చం అమ్మ నొసలు.

నేను నీ సంగతి చెప్పాను. ఆ సంఘం గురించి, పోయినవాళ్లందరినీ ఒక కుటుంబంగా ముడి వేయడం గురించి, పేర్ల గురించి. "ఆ తేదీ ఒక్కటి చెబితే చాలు" అన్నాను. ఆమె కత్తెర కింద పెట్టింది.

"బతికుండగా గుమ్మం తొక్కనీలా. చచ్చినాక కలిసుండటానికి తేదీ గావాల్నా?" అంది. గొంతు పెంచలేదు.

"అమ్మకైనా మనశ్శాంతి ఉంటుంది. కొడుకు పోయాడని తెలియకుండానే పోయింది" అన్నాను.

ఆమె నా వంక వింతగా చూసింది. "తెలవకుండానా? ఎవరు చెప్పారు మీకు? ఆయన పోయేటప్పుడు అత్తమ్మ ఇక్కడే ఉంది. తల ఆమె ఒళ్లోనే ఉంది."

లూదియా, తర్వాత ఆమె చెప్పిందంతా విను. ఆ మే నెల మధ్యాహ్నం అమ్మ వంటింట్లోంచి వాడి గొంతు విన్నది. బయటికి రాలేదు. ఆ వారంలోనే గాజుల సాయిబు చేత వాళ్లకు కబురు పెట్టింది. అప్పట్నుంచి నెలకొకసారి, మాచర్ల సంత రోజున, రెంటచింతల చెల్లెలి ఇంటికని చెప్పి బస్సెక్కి మాచర్ల వెళ్లేది. వాళ్లు డ్యాము నుంచి వచ్చేవాళ్లు. సాబిరా పుట్టింట్లో కూర్చుని నలుగురూ అన్నం తినేవాళ్లు. అమ్మ గోంగూర నూరి తీసుకెళ్లేది. రబియాకు మొదటి అన్నం ముద్ద అమ్మే పెట్టింది. జ్వరం ముదిరిందని తెలిసి డ్యాము దగ్గరికి వెళ్లి ఐదు రోజులు ఉంది. వాణ్ణి పూడ్చిన మూడోనాడు బస్సెక్కి మన ఇంటికి వచ్చింది. అదే రోజు నేను "హైదరాబాదు పోయాడంటమ్మా" అన్నాను.

ఏడాదిన్నర ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద వండుకుని తింటూ, ఒకే చావును ఒకరికొకరు దాచుకున్నాం.

"నాన్న పోయాక కూడా ఎందుకు దాచింది?" అని అడిగాను. అడగకుండా ఉండవలసింది.

సాబిరా మిషను మీది గుడ్డ మడిచి పక్కన పెట్టింది. "నేనూ అదే అడిగా. మామ పోయాడు గదా అత్తమ్మా, ఇంక మీ ఇంటికే వస్తాం అన్నా. అప్పుడు ఆమె ఏమందంటే, 'మీ మామది వాన కోపం, కురిసి ఎలిసిపోద్ది. మా పెద్దదానిది నాపరాయి. ఎంత కురిసినా నానదు. దానికి తెలిస్తే నన్ను ఈడికి గూడా రానీదు' అంది. మీరంటే చానా భయం పంతులమ్మగారూ ఆమెకి."

అమ్మ నాన్నకు భయపడి దాచిందనుకుంటే ఎంత బాగుండేది.

నేను లేచాను. తేదీ మళ్లీ అడగలేదు. ఆమే అంది. "నాకు ఆయన ఇడిచిపోయింది ఈ బిడ్డ, ఈ మిషను, ఆ రోజు. ప్రతి ఏడూ ఆ రోజు నేనొక్కదాన్నే తలుచుకుంటా. అది గూడా మీకిస్తే నా దగ్గర ఏముంటది?"

రబియాకు నా చేతిలోని బత్తాయిలు ఇచ్చాను. ఆ పిల్ల తల్లి ముఖం చూసి, తల్లి తల ఊపాక తీసుకుంది.

తబిత


ప్రెస్టన్
1963 డిసెంబరు 8

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరం మిసెస్ హార్ట్‌లీకి మొత్తం చదివి వినిపించాను. దాచడానికి ఇంకేముంది?

ఆమెను ఒకటే అడిగాను. మేం ఇక్కడ పేర్లు రాసి ముడి వేస్తే, అక్కడున్న అమ్మ మాతో ఉండక తప్పదా అని. ఆమె టీ పెట్టలేదు. నా చెయ్యి పట్టుకుని, "అది తాడు కాదమ్మా, పిలుపు. రావాలో వద్దో అక్కడివాళ్ల ఇష్టం. ఎవరినీ బలవంతాన కట్టరు" అంది. అప్పటిదాకా అమ్మను మళ్లీ చూస్తాననే అనుకున్నాను. అమ్మ నన్ను చూడాలనుకుంటుందా అనే ప్రశ్న ఆ రోజే మొదటిసారి వచ్చింది.

నీకు నచ్చదని తెలుసు, అయినా చెప్పాలి. పోయిన శనివారం నేను ఆ సంఘంలో బాప్తిస్మం తీసుకున్నాను. నువ్వు అనబోయేవన్నీ నాకు ముందే వినపడుతున్నాయి. ఇన్నాళ్లూ నా భక్తి నాన్న భక్తికి నీడ. ఇది మాత్రం నా అంతట నేను, నా తప్పు తెలిశాక, పట్టుకున్నది. నిజమో కాదో చచ్చాక తెలుస్తుంది. కుటుంబం కలిసి ఉండాలని కోరుకునే దేవుడు ఉంటే ఆయన ఎదుట తలెత్తుకోలేననే భయం మాత్రం ఇప్పుడే నిజం.

దేవాలయానికి వెళ్లాలంటే కొత్తగా చేరినవాళ్లు ఏడాది ఆగాలి. అక్కా, ఈ ఏడాది మనకు ఇచ్చిన గడువు అనుకో. మళ్లీ వెళ్లు. తేదీ కోసం కాదు. వదినకు నేను రాసిన ఉత్తరం ఇందులో పెట్టాను. అన్న నాకు రాసింది, నేను వెళ్లనిది, అన్నీ రాశాను. ఆమెకు నువ్వే చదివి వినిపించు. నీ గొంతుతో వినడం మనిద్దరికీ శిక్ష, ఆమెకు న్యాయం.

రబియాను నీ బడిలో చేర్చుకుంటావేమో అడుగు. ఆమె కాదంటే బలవంతం చేయకు.

లూదియ


గురజాల
1964 మార్చి 22

ప్రియమైన లూదియకు,

నువ్వు ఏ సంఘంలో చేరినా నా చెల్లెలివే. రెండేళ్ల కిందట అయితే ఈ వాక్యం రాసేదాన్ని కాను.

సంక్రాంతికి ముందే వెళ్లాలనుకున్నాను. ఇన్‌స్పెక్షను ఉందని ఒకసారి, ఒంట్లో బాగాలేదని ఒకసారి వాయిదా వేశాను. ఇన్‌స్పెక్షనూ నిజమే, జలుబూ నిజమే. కానీ నాకు భయం వేసింది. ఆమె ముందు నీ ఉత్తరం పైకి చదవగలనా అని. ఫిబ్రవరి చివర వెళ్లాను. రబియాకు ఒక గౌను కుట్టించాను, కొలత ఊహించి.

షెడ్డులో వేరే సంసారం ఉంది. ఒడ్డె వాళ్లు. పక్క షెడ్డామె చెప్పింది. "సాబిరానా? పోయి నెల దాటింది గదమ్మా. వాళ్లన్న శ్రీశైలం కాడ కొత్త డ్యాము పనికి పోతంటే ఆమె గూడా మిషను బండికెత్తుకుని పోయింది. యాడని చెప్పను? ఆ అడవిలో యాడ దిగారో."

మాచర్లలో సాబిరా పుట్టింటికి వెళ్లాను. ఆ ఇల్లు అద్దెకు ఇచ్చేశారు. గాజుల సాయిబు కోసం అడిగాను. ఆయన కిందటి ఏడే పోయాడు. జనవరిలో వెళ్లి ఉంటే సాబిరా దొరికేది. నెల రోజులు. మన ఇంట్లో ఎవరికీ సమయానికి వెళ్లడం చేతకాలేదు.

పోయిన సోమవారం బడికి ఒక కార్డు వచ్చింది. చేతిరాత ఎవరిదో, మాటలు ఆమెవే. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

"పంతులమ్మగారికి సాబిరా సలాం. ఆయన పోయింది ఆగస్టు 19, శుక్రవారం, పొద్దు గుంకేముందు. చానా ఆలోచించా. నాకోసమైతే చెప్పను. మీకోసం అసలే చెప్పను. అత్తమ్మ ఆ రోజు, ఈణ్ణి నేనే కన్నా నేనే సాగనంపతన్నా, మళ్లీ నేనే ఎత్తుకోవాల అని ఏడ్చింది. ఆ ముసల్దాని మాట కోసం చెప్తన్నా. తల్లీకొడుకులను ఆ కాయితంలో పక్కపక్కన రాయించండి. నా పేరు, రబియా పేరు రాయొద్దు. మాది వేరే దోవ. ఆయన్ని నేను ఎతుక్కుంటా."

అంతే. తేదీ పంపింది, చిరునామా పంపలేదు. కార్డు మీద ముద్ర సగమే పడింది. భూతద్దం పెట్టి చూశాను, పోస్టుమాస్టరు గారికి చూపించాను. ఊరి పేరు తెలియలేదు.

కనుక రాసుకో. దేవానందం. పుట్టింది 1926 సెప్టెంబరు 2, గురజాల. పోయింది 1960 ఆగస్టు 19. అమ్మ పేరు పక్కనే రాయి. నాన్నను ఎక్కడ రాస్తావో నీ ఇష్టం. ఆయన కూడా ఆ మధ్యాహ్నం కొడుకు గొంతు గుర్తుపట్టే ఉంటాడని ఇప్పుడు అనిపిస్తోంది. "ఎవరే?" అని అడిగింది తెలియక కాదేమో. నేను చెప్పి ఉంటే ఏమనేవాడో.

నా సంగతి. ఆ కాగితం బతికున్నవాళ్లకు కూడా అన్నావు. అందులో నా పేరు రాయవద్దు. నాకు నమ్మకం లేక కాదు. ఒకవేళ అది నిజమైతే, అమ్మ అక్కడ మళ్లీ నాకు తెలియకుండా బస్సు ఎక్కవలసి వస్తుందేమోనని.

వేసవి సెలవులు ఏప్రిల్ ఇరవై ఐదున మొదలవుతాయి. మార్కాపురం మీదుగా పోతే శ్రీశైలం అడవి దారి దొరుకుతుందట. వెళ్తున్నాను. నీ ఉత్తరం నా పెట్టెలో ఉంది, గౌను కూడా. అప్పటికి ఆ పిల్ల ఎంత పెరిగి ఉంటుందో తెలియదు, అందుకని అంచు మడత ఎక్కువ పెట్టించాను.

నీ అక్క
తబిత